మా బావ, నీలం దీపం, నలభై మూడు ట్రేలు

మా బావకి ఒకటే జబ్బు. ఏ వస్తువైనా శుభ్రంగా ఉందని ఎవరైనా అంటే నమ్మడు. జేబులోంచి నీలం దీపం తీస్తాడు, నారింజ రంగు కళ్ళజోడు తగిలించుకుంటాడు, వంగి చూస్తాడు, అప్పుడు తీర్పు చెబుతాడు. తీర్పులు కూడా రెండే. ఒకటి "మెరిసింది", రెండోది "మెరవలేదు". మెరిసిందంటే మురికి. లోకమంతా మెరిసేదాని వెంట పడుతుంటే, మెరవనిదాని కోసం ముప్ఫై ఏళ్ళుగా వెతుకుతున్న మనిషి నాకు తెలిసి మా బావ ఒక్కడే.

ఆయన ఉద్యోగం అలాంటిది. పెద్దాసుపత్రి వెనకవైపు, లాండ్రీకీ సామాన్ల లిఫ్టుకీ మధ్య, పరికరాలు కడిగే విభాగం ఉంది. ఆపరేషన్లలో వాడిన కత్తెరలూ పటకార్లూ ట్రేలలో ఆ లిఫ్టు దిగి వస్తాయి. వాటిని తొట్టిలో కడుగుతారు, బ్రష్షుతో కీళ్ళు తోముతారు, తరవాత మిషనులో వేస్తారు. బయటికి వచ్చేసరికి తళతళలాడుతుంటాయి. మనమంతా అక్కడే మోసపోతాం. రక్తంలోనూ కండలోనూ ఉండే ప్రొటీను, కంటికి ఆనని పొరలా స్టీలుని పట్టుకుని ఉంటుంది. మా బావ దానిమీద ఒక మందు చిలకరిస్తాడు. ఆ మందు ప్రొటీను ఎక్కడుందో వెతుక్కుని అతుక్కుంటుంది. నీలం దీపం వేసి నారింజ అద్దాల్లోంచి చూస్తే ఆ చోటు ఆకుపచ్చగా మెరుస్తుంది. మెరిసిన ట్రే మళ్ళీ తొట్టికి పోతుంది. మెరవనిది ఆవిరి మిషనుకీ, అక్కణ్ణుంచి ఆపరేషను గదికీ వెళ్తుంది. సాయంత్రం అయిదింటికి ఎవరైనా ఈ పనిని ఆసుపత్రిలోనే వదిలేసి ఇంటికి పోతారు. మా బావ ఇంటికి తెచ్చుకునేవాడు.

నేను ఆయన భార్యకి తమ్ముణ్ణి. అదే ఆసుపత్రిలో స్టోర్సు గుమాస్తాని కూడా. కాబట్టి మా బావ నాకు ఇంట్లోనూ తప్పలేదు, ఆఫీసులోనూ తప్పలేదు.

"అదెలాగూ ఆవిరిలో ఉడికిస్తారు కదా బావా, సూక్ష్మజీవులన్నీ చస్తాయి కదా, ఇంకా ఈ మెరుపుల గొడవెందుకు?" అని ఉద్యోగంలో చేరిన కొత్తలో అడిగాను.

"చస్తాయి. శవాలు ఎక్కడికి పోతాయి?" అన్నాడు.

"ఎక్కడికి పోతాయి?"

"అక్కడే ఉంటాయి. చంపడం వేరు, కడగడం వేరు." ఆ రోజు నేను మధ్యాహ్నం అన్నం తినలేదు.

ఆయన మొట్టమొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మ చెమ్చాలు మూడుసార్లు కడిగి, పాతబట్టతో తుడిచి, పళ్ళెంలో పేర్చి పెట్టింది. కాబోయే అల్లుడు టీ కప్పు పక్కన పెట్టి, ఒక చెమ్చా తీసి, రెండు చుక్కల మందు వేసి, దీపం వెలిగించాడు. మా నాన్న ఏం చెయ్యాలో తోచక కిటికీ మూశాడు. చీకట్లో అయితే ఇంకా బాగా కనిపిస్తుందేమోనని ఆయన ఉద్దేశం. "మెరిసింది" అన్నాడు అల్లుడు. మా అమ్మ అది వెండి అనుకున్నాడని మురిసిపోయింది. అది వెండి కాదని చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలక, ఆ పెళ్ళి అలా నిశ్చయమైపోయింది.

మా అక్క సంగతి ఇంకా ఘోరం. పెళ్ళైన వారానికి ఒకరోజు ఆయన దీపం అక్క మొహం మీద వేసి, కళ్ళజోడులోంచి చాలాసేపు చూసి, "బాగా మెరుస్తున్నావు" అన్నాడట. అక్క సిగ్గుపడి లోపలికి పారిపోయింది. ఆ మాట రెండేళ్ళపాటు స్నేహితురాళ్ళందరికీ చెప్పుకుంది. నేను ఆసుపత్రిలో చేరి, మెరవడం అంటే ఏమిటో తెలుసుకుని, ఆ సంగతి అక్కకి చేరవేసిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

"మనిషి చర్మం ప్రొటీనే కదే. మెరవకపోతే కంగారుపడాలి గాని, మెరిస్తే ఏం?" అని బావ గుమ్మం బయట నిలబడి నచ్చజెప్పాడు.

"ఆ మాట ఆ రోజే చెప్పుంటే నేను అందరికీ చెప్పుకునేదాన్నా?" అంది అక్క లోపల్నించి.

హోటలుకి తీసుకెళ్ళడం మానేశాం. ఒకసారి తీసుకెళ్తే, ఆయన ప్లేటుకి దీపం వేయడం పక్క టేబులు వాళ్ళు చూశారు. "మాది కూడా చూడండి" అన్నారు. ఆయన కాదనలేకపోయాడు. వరసగా ఏడు టేబుళ్ళు చూశాడు. ఏడో టేబులు లేచి వెళ్ళిపోతుండగా యజమాని వచ్చి, మా భోజనాలు మూటకట్టి చేతిలో పెట్టి, వీధి చివరిదాకా వచ్చి సాగనంపాడు. మంగలి అయితే, "మీకు క్షవరం చెయ్యడం కంటే ఆపరేషను చెయ్యడం నయం సార్" అని దండం పెట్టాడు. ఆసుపత్రిలో ఆయనకి మిణుగురు అని పేరు పెట్టారు. ఆయనకి తెలుసు. పట్టించుకోలేదు.

ఇలా ఉండగా మా సూపరింటెండెంటు గారికి శుభ్రత మీద ప్రేమ పుట్టింది. పై నుంచి తనిఖీ కమిటీ వస్తోందని కబురు అందిన మర్నాడే పుట్టింది. ఆ నెలని శుభ్రతా మాసంగా ప్రకటించారు. మెట్ల పక్కన పూలకుండీలు పెట్టించారు. చెత్తబుట్టలకి రంగులు వేయించారు. చేతులు కడుక్కోండి అని బోర్డులు రాయించారు. కడుక్కోవడానికి సబ్బు కావాలని నేను ఫైలు పెడితే, బోర్డులకే నిధులు అయిపోయాయని తిప్పి పంపారు. చివరికి ఒక సర్క్యులరు కూడా వచ్చింది. నెలలో ఏ తొట్టి నుంచి వచ్చిన ట్రేలు పదికి మించి మెరిస్తే, దానికి బాధ్యులైన వారిని నెలాఖరున ఉద్యోగంలోంచి తొలగిస్తారు.

మొదటి రోజు నుంచే మూడో తొట్టి ట్రేలు మెరవడం మొదలుపెట్టాయి.

మూడో తొట్టి పెద్దమ్మది. ఆవిడ ఎవరికి పెద్దమ్మో ఎవరికీ తెలియదు, ఆసుపత్రి అంతా అలాగే పిలుస్తుంది. ఇరవై ఏడేళ్ళుగా అదే తొట్టి. పటకారు కీలు ఒక్కొక్కటీ విప్పి, లోపలి పళ్ళు కూడా బ్రష్షుతో తోమేది. ఆవిడ కడిగిన ట్రే మెరిసిందంటే అంతకుముందు ఏడాదికి ఒకటో రెండో. పద్నాలుగు నెలలు గడిస్తే పెన్షనుతో ఇంటికి వెళ్ళాల్సిన మనిషి. ఇప్పుడు తీసేస్తే ఇల్లు గడిచే దారి లేదు. అటువంటిది, వారం తిరక్కుండా ఎనిమిది ట్రేలు మెరిశాయి.

మా బావ రోజూ దీపం వేస్తాడు, మెరిసిందంటాడు, ట్రే వెనక్కి పంపుతాడు, ఎర్ర సిరాతో రిజిస్టర్లో రాస్తాడు. సాయంత్రం సూపరింటెండెంటు గారి గుమాస్తా ఫోనుచేసి ఏ తొట్టివి ఎన్ని అని మాత్రం అడిగి, గోడమీది పట్టికలో అంకె దిద్దుకునేవాడు. మా ఆసుపత్రిలో రిజిస్టర్లు ఉన్నది రాయడానికే, చదవడానికి కాదు.

ఆసుపత్రి అంతా మా బావని ఆడిపోసుకుంది. ముసలమ్మ పొట్టకొడుతున్నాడన్నారు. క్యాంటీన్లో ఆయన కూర్చున్న బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవారు కాదు. బావమరిదిని అయిన పాపానికి నా బల్ల కూడా ఖాళీ అయింది. ఇక లాభం లేదని ఒకరోజు ఆయన దగ్గరికి వెళ్ళాను.

"బావా, ఈ వారం కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి రండి."

"మర్చిపోతే?"

"పెద్దమ్మ ఉద్యోగం నిలుస్తుంది."

"ట్రే ఎక్కడికెళ్తుంది?"

"మామూలుగా పైకెళ్తుంది."

"పైకెళ్ళి ఎవరి కడుపులోకి దిగుతుంది? నీ కడుపులోకయితే చెప్పు, ఇప్పుడే మర్చిపోతాను."

పెద్దమ్మ తొట్టి దగ్గర్నించి ఇదంతా వింటోంది. బ్రష్షు పక్కన పెట్టి, "ఉన్నది ఉన్నట్టు రాయి బాబూ. నేను తోమిన మాట నిజం, అది మెరిసిన మాటా నిజం. మధ్యలో ఏం జరుగుతోందో నాకూ అంతుబట్టడం లేదు" అంది. ఆ రోజు నుంచి ఆవిడ గంట ముందే పనికి రావడం మొదలుపెట్టింది. ట్రేలు మెరుస్తూనే ఉన్నాయి.

మా బావకి నిద్ర కరువైంది. "కీలులో దాక్కున్న మురికైతే కీలు దగ్గరే మెరవాలి కదరా. ఇది కత్తెర ఒళ్ళంతా మెరుస్తోంది, పల్చగా, అట్టకట్టినట్టు. అదీ మూడో తొట్టికే వచ్చే రెండో ఆపరేషను గదివే. ఎంజైము మందులో గంటలకొద్దీ నానబెడితే గాని వదలదు" అనేవాడు. పెద్దమ్మకి అన్యాయం జరుగుతోందని నేనంటే మాత్రం మాట మార్చేవాడు. మనసులేని మనిషికి అక్కని ఇచ్చామని నాకు నిజంగానే కోపం వచ్చింది.

కమిటీ సోమవారం వస్తుందనగా, ముందురోజు ఆదివారం పొద్దున వాళ్ళింట్లో ఉన్నాను. అక్క గుడ్లు గిలక్కొట్టి ఆమ్లెట్లు వేసింది. సాయం చేద్దామని ఆ ఖాళీ గిన్నెలో నేను స్టౌ మీద మరుగుతున్న నీళ్ళు పోశాను. అక్క నెత్తిమీద ఒకటి ఇచ్చింది.

"గుడ్డుసొన గిన్నెలో వేడినీళ్ళు పోస్తారా ఎవరైనా? ఉడికి అంటుకుపోతుంది. ఇక దాన్ని గీకలేక చావాలి. ముందు చన్నీళ్ళు పోసి కడగాలని తెలీదూ?"

గిన్నె మీద వేద్దామని అలవాటుగా దీపం తీసిన మా బావ, అది అలా పట్టుకునే ఉండిపోయాడు.

"ఏమన్నావు?" అన్నాడు.

"వాణ్ణన్నాను, మిమ్మల్ని కాదు."

"మళ్ళీ అను."

అక్క మళ్ళీ అంది. గుడ్డుసొన కూడా ప్రొటీనే. ముప్ఫై ఏళ్ళ అనుభవం, మూడు శిక్షణ తరగతులు, ఒక దీపం, ఒక కళ్ళజోడు చెప్పలేని సంగతిని మా అక్క చేతిలో గరిటెతో చెప్పింది. నిజానికి కడిగే గదిలో ముందు చన్నీళ్ళే వాడాలన్నది ఆయన అందరికీ నేర్పిన మొదటి పాఠం. కాని ట్రే తన గదికి రాకముందే ఎవరైనా దాన్ని కడిగి ఉంటారని ఆయనకి తోచలేదు.

"ఒరేయ్, రెండో ఆపరేషను గది దగ్గర ఈ నెల్లో ఏం మారింది?"

"ఏం మారలేదు బావా" అని అంటూండగానే నాకు గుర్తొచ్చింది. శుభ్రతా మాసం మొదటి రోజున, సూపరింటెండెంటు గారి ఆర్డరు మీద, రెండో ఆపరేషను గది బయట సింకు దగ్గర వేడినీళ్ళ గీజరు పెట్టించింది నేనే. ఆ గది ముందు నుంచే కమిటీ నడుస్తుంది. రక్తం ఉన్న ట్రేలు వాళ్ళ కంటబడకూడదని, లిఫ్టులో దింపే ముందు సలసల కాగే నీళ్ళతో ఒకసారి కడిగేయమని ఆర్డరులో రాశారు. నేను సంతకం పెట్టి, తొందరగా బిగించినందుకు మెచ్చుకోలు కూడా పుచ్చుకున్నాను.

అంటే కత్తెర మీది రక్తాన్ని పైనే ఉడకబెట్టి, స్టీలుకి అతికించి, పైపైన మెరుగుపెట్టి, కిందకి పంపుతున్నారు. పెద్దమ్మ ఆ ఉడికినదాన్ని నెల రోజులుగా చేతులు అరిగేలా తోముతోంది. నిజం ఒప్పుకుంటే బావ తిడతాడనుకున్నాను. ఆయన చల్లారిన ఆమ్లెట్లు మూడూ తినేశాడు. దీపం వేయకుండా తినడం అదే మొదటిసారి.

సోమవారం కమిటీ వచ్చింది. ముగ్గురు. పెద్దగా వచ్చినావిడ రిటైరైన డాక్టరమ్మ, తక్కువ మాటల మనిషి. పూలకుండీలు చూశారు, చెత్తబుట్టలు చూశారు, నేలలో తమ మొహాలు చూసుకున్నారు. తరవాత సమావేశం. సూపరింటెండెంటు గారి దగ్గర చూపించడానికి అన్నీ ఉన్నాయి, తీసుకున్న చర్య ఒక్కటే తక్కువైంది. దానికోసం పెద్దమ్మని పిలిపించి తలుపు పక్కన నిలబెట్టారు. బావనీ రిజిస్టర్నీ రమ్మన్నారు. రిజిస్టరు మొయ్యడానికన్నట్టు నేనూ వెళ్ళాను.

"మా ఆసుపత్రిలో నిర్లక్ష్యాన్ని సహించం మేడం" అన్నారు సూపరింటెండెంటు గారు. "మూడో తొట్టి నుంచి ఈ నెలలో నలభై మూడు ట్రేలు ఫెయిలయ్యాయి. బాధ్యులైన వ్యక్తిని మీ సమక్షంలోనే తొలగిస్తున్నాను. పేరు చదువుతాను, రాసుకోండి."

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన రిజిస్టరు తెరిచారు. నెల పొడుగునా ఆ పుస్తకం తెరవడం అదే మొదటిసారి. చదవబోయి ఆగారు. పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు.

"ఏమయ్యా, బాధ్యులు అన్నచోట అన్నీ నీ పేరే రాశావేంటి?"

"నాదే కదండీ" అన్నాడు బావ.

"నువ్వు కడగవు కదా?"

"కడగనండి. కాని కడిగినావిడ సరిగ్గానే కడిగిందని నాకు తెలుసు. ఎక్కడ తేడా వస్తోందో కనిపెట్టాల్సింది నేను. నెల రోజులు కనిపెట్టలేకపోయాను. అందుకని నన్నే తీసెయ్యాలండి. రూలు ప్రకారం నలభై మూడుసార్లు తీసెయ్యొచ్చు."

నాకు నెలంతా ఆయన్ని మనసులో తిట్టుకున్న తిట్లన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చి చాలా సిగ్గేసింది.

"ఇప్పుడు కనిపెట్టారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నిన్న మా ఆవిడ కనిపెట్టిందండి. ఒక గుడ్డు ఇప్పిస్తే చూపిస్తాను."

తనిఖీ కమిటీల చరిత్రలో గుడ్డు అడిగినవాడు ఉండడు. నేను క్యాంటీనుకి పరిగెత్తి గుడ్డు తెచ్చాను. బావ చేతులకి తొడుగులు వేసుకుని, తెల్లసొనని రెండు కొత్త కత్తెరలకి రాసి, ఒకదాన్ని పై అంతస్తు గీజరు నీళ్ళతో, రెండోదాన్ని చన్నీళ్ళతో కడిగి తెచ్చాడు. రెండిటినీ ఒకేలా తోమాడు. చూడ్డానికి రెండూ ఒకటే. "రెండూ శుభ్రంగానే ఉన్నాయి కదయ్యా" అంటూ సూపరింటెండెంటు గారు చన్నీళ్ళ కత్తెరని చేత్తో ఎత్తి అందరికీ చూపించి కింద పెట్టారు. బావ మందు చిలకరించి, లైట్లు ఆర్పించి, నీలం దీపం వేశాడు. కళ్ళజోడు ఒక్కటే కాబట్టి కమిటీ వంతులవారీగా చూసింది. వేడినీళ్ళ కత్తెర ఆసాంతం ఆకుపచ్చగా మెరుస్తోంది. చన్నీళ్ళ కత్తెర మీద ఏమీ లేదు, పిడి దగ్గర మూడు వేలిముద్రలు తప్ప.

"ఇవి నీళ్ళ తప్పు కాదండి" అన్నాడు బావ వినయంగా. ఎవరివో కమిటీ అడగలేదు.

"గీజరు ఎవరు పెట్టించారు?" అని మాత్రం అడిగింది డాక్టరమ్మ. నేను చెయ్యెత్తాను. ఆర్డరు ఎవరిదని ఆవిడ అడిగింది. ఆ ఆర్డరు కాగితం నా జేబులోనే ఉంది. తీసి బల్లమీద పెట్టాను. నా సర్వీసులో నేను చేసిన సాహసం అదొక్కటే. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి తన ఫైల్లో పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే గీజరు ఊడదీయించారు. సాయంత్రానికి కొత్త సర్క్యులరు వచ్చింది. వేడినీళ్ళ వల్ల జరిగే అనర్థం గురించి సూపరింటెండెంటు గారు ఎప్పటినుంచో హెచ్చరిస్తూనే ఉన్నారట, కొందరు కింది ఉద్యోగులు చెవిన పెట్టలేదట. పెద్దమ్మ పేరు ఎవరూ ఎత్తలేదు, బావ పేరూ ఎత్తలేదు. ఎత్తితే ఆ రిజిస్టరు మళ్ళీ తెరవాల్సి వస్తుంది.

మర్నాడు పొద్దున నేను కడిగే గదికి వెళ్ళేసరికి మూడో తొట్టి ట్రేలు బావ బల్లమీద ఉన్నాయి. దీపం వేశాడు. "మెరవలేదు" అన్నాడు. ఆ మాట అంత గట్టిగా అనడం నేనెప్పుడూ వినలేదు. పెద్దమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడింది.

"బాబూ, నా పేరు ఎందుకు రాయలేదు?" అని అడిగింది.

మా బావ కళ్ళజోడు తీయకుండా తరవాతి ట్రే ముందుకు లాక్కున్నాడు.

"రాద్దామనే అనుకున్నాను పెద్దమ్మా. ఆ గడి చిన్నది. నీ పేరు పొడుగు, పట్టలేదు."

నేను రిజిస్టరు తీసి చూశాను. మా బావ పేరు ఇంటిపేరుతో కలిపి పదకొండు అక్షరాలు. నలభై మూడు చోట్లా గడి చాలక పక్క గడిలోకి పాకింది. పెద్దమ్మ తన పేరుని మనసులో అనుకుంటూ వేళ్ళు మడిచింది. రెండు వేళ్ళతో అయిపోయింది. ఆ రెండు వేళ్ళవంకా కాసేపు చూసుకుంది.

"నిజమే బాబూ, బాగా పొడుగు" అని, వెళ్ళి చన్నీళ్ళ పంపు తిప్పింది.